టూహీ కొండకు ఒకే రైఫిల్

2025 ఆగస్టు 23, శనివారం, ఉదయం పదిన్నర. స్థలం: ఐర్లాండ్‌లో బాలింకాలిగ్‌కు పడమరగా, పాత రాతిక్వారీలో ఏర్పరచిన క్లబ్బు షూటింగ్ రేంజి. హాజరైనవారు: రేంజి అధికారి డోనల్, కొండ యజమాని అయిన గొర్రెల రైతు టూహీ, అభ్యర్థులు గురుమూర్తి, మీనాక్షి, ప్రేక్షకుడు లోకేశ్.

ఈ వివరాలను మినిట్స్ పుస్తకంలో నల్లసిరాతో, అక్షరం అక్షరానికీ సమాన దూరం పాటిస్తూ రాసినవాడు అభ్యర్థులలో మొదటివాడైన గురుమూర్తే. క్లబ్బు కార్యదర్శి కూడా అతనే. ఆ పని మరొకరు శుద్ధంగా చేయగలరని అతను ఏనాడూ అనుకోలేదు. లోకేశ్ పేరును హాజరు కింద రాయాలా, వాతావరణం కింద రాయాలా అని మాత్రం ఒక్క క్షణం తటపటాయించాడు.

విషయం చిన్నదే. టూహీ కొండ మీద జింకల వేటకు ఇన్నాళ్లూ అనుమతి ఉన్న ముసలి పశువైద్యుడు మోకాళ్లు అరిగి విరమించుకున్నాడు. గొర్రెలు తిరుగుతాయి, కాలినడకవాళ్లు వస్తుంటారు. కనుక తన కొండ మీద ఒకే రైఫిల్ ఉండాలన్నది టూహీ షరతు. ఆ ఒక్కటి ఎవరిదో క్లబ్బే పరీక్ష పెట్టి తేల్చి చెప్పాలి. వారికే అతను అనుమతి ఉత్తరం రాసిస్తాడు. గురుమూర్తికి ఆ ఉత్తరం ప్రాణంతో సమానం. రైఫిల్ లైసెన్సు కావాలంటే గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, తగిన కారణం చూపాలి. అతను కోరుకున్న తుపాకికి జింక కావాలి, జింకకు కొండ కావాలి, కొండకు టూహీ ఉత్తరం కావాలి. అది రాకపోతే నాలుగేళ్ల అధ్యయనం మూడు నోటు పుస్తకాలలో సమాధి అవుతుంది.

ఆ మూడు పుస్తకాలలో ఇరవై రెండు క్యాలిబర్లు, అంటే తూటా కొలతలు, ఉన్నాయి. ఒక్కొక్క దాని తూటా బరువు, వేగం, గాలికి ఒరిగే తీరు, దూరం పెరిగేకొద్దీ కిందికి జారే లెక్క, అన్నీ పట్టికలుగా ఉన్నాయి. పగలంతా వైద్య పరికరాల కర్మాగారంలో కొలత సాధనాలను తనిఖీ చేసే మనిషి, ఇంటికి వచ్చి వీటిని తనిఖీ చేశాడు. వెయ్యి గజాల అవతలి లక్ష్యాన్ని తాకాలి. అదే తూటాతో మగజింక నిలువునా కూలాలి. ఈ రెండింటికీ సరిపోయే సమాధానం లోకంలో ఒక్కటేననీ, అది త్రీ హండ్రెడ్ విన్ మ్యాగ్ అనీ అతను నిర్ధారించాడు. అలాంటి రైఫిల్ క్లబ్బుకు ఒకటి ఉంది. నాలుగేళ్లలో అతను దానితో ముప్పై ఒక్కసారి కాల్చాడు. ముప్పై ఒకటీ నమోదయ్యాయి. తప్పిన వాటి పక్కన కారణం కూడా ఉంది: గాలి. గాలి. తేమ. గాలి.

మీనాక్షిది వేరే దారి. కార్క్ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె శాస్త్రవేత్త. వరంగల్ మనిషి. శనివారం శనివారం వచ్చి, క్లబ్బు వారి టూ ఫార్టీ త్రీ అనే చిన్న క్యాలిబర్ రైఫిల్‌తో ఇరవై తూటాలు కాల్చి, అన్నం డబ్బా తిని వెళ్లిపోతుంది. నోటు పుస్తకం లేదు. గురుమూర్తి దృష్టిలో టూ ఫార్టీ త్రీ అంటే నక్కలకు ఎక్కువ, జింకలకు తక్కువ. దేశ చట్టం దానిని జింకలకు ఒప్పుకున్నదంటే అది చట్టం బలహీనతే.

"మీనాక్షి గారూ, మీరు ఈ క్యాలిబర్ ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి. మినిట్స్‌లో రాయాలి" అన్నాడు కలం ఎత్తి.

"రాసుకోండి సార్. దీని తూటాలు షాపుల ఎప్పుడు పోయినా దొరుకుతయి. కాలిస్తే భుజం నొయ్యది. గంతే."

"అంతేనా?"

"ఇంకేం గావాలె? తుపాకికేమన్న పెండ్లి సంబంధం చూస్తున్ననా?"

గురుమూర్తి 'కారణం: తెలుపలేదు' అని రాశాడు.

డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ చేసే లోకేశ్ ఊరుకోలేదు. అతను మంచి తుపాకి చూడాలనే కుతూహలంతో సెలవు దినాలలో ఇంత దూరం వస్తుంటాడు.

"అంకుల్, ఏమనుకోకండి, మీవి రెండూ అవుట్‌డేటెడ్. ఇప్పుడంతా సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్. వీడియోలో ఒకాయన గడ్డం గోక్కుంటూ కొడితే మైలు అవతల గంట మోగింది."

"నువ్వు ఇప్పటిదాకా ఎన్ని కాల్చావు?"

"ఇంకా లేదంకుల్. రీసెర్చ్ స్టేజ్‌లో ఉన్నా."

అంకుల్ అన్న మాట గురుమూర్తి చెవిలో ఇసుకరేణువులా పడింది. గడ్డాలను చూసి క్యాలిబర్ తేల్చుకునే తరానికి జవాబు చెప్పడం సిరా దండగ.

గేటు దగ్గర నిలబడిన టూహీ టోపీ సర్దుకుంటూ అడిగాడు. "వెయ్యి గజాలంటున్నావు కదా. నా కొండ మీద ముళ్లపొదల నుంచి జింకలు మేసే చోటికి నూట నలభై అంగలు. ఆ తర్వాత కనిపించేది పొగమంచే. మిగతా దూరం ఏం చేసుకుంటావు?"

"ఆయుధం శక్తి అవసరాన్ని మించి ఉండాలి" అన్నాడు గురుమూర్తి. ఇరవై రెండు తూటాల పథాలు గీసిన తాను ఆ నూట నలభై అంగలను ఒక్కసారైనా నడిచి చూడలేదన్న సంగతి అతనికి లోపంగా తోచలేదు. గొర్రెల పెంటలో అంగలు వేయడం విద్వాంసుడి పని కాదు.

డోనల్ అటు తిరిగి రెండు మ్యాగజైన్లలో తూటాలు నింపాడు. "చెరి ఐదు. రెండువందల గజాలు. తొందరేం లేదు. గ్రాండ్?"

ఈ దేశంలో వానకూ, విరిగిన చేతికీ, చావు కబురుకూ అదొక్కటే మాట. గురుమూర్తి తల ఊపి, చెవులకు మఫ్‌లు తగిలించుకుని, చాప మీద పడుకున్నాడు.

మొదటి దెబ్బ క్వారీ గోడలను కదిలించింది. భుజం మీద ఎవరో తలుపుతో కొట్టినట్లయింది. రెండవది, మూడవది కూడా పేలాయి. కుడి నుంచి పలచని గాలి వీస్తున్నదని మనసులోనే నమోదు చేసుకున్నాడు. నాలుగవసారి ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ లాగాడు.

టిక్ మన్నది. అంతే. పేలుడు లేదు, పొగ లేదు, తన్ను లేదు. అయినా గురుమూర్తి కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. భుజం ముందుకు తోసుకుపోయింది. రైఫిల్ మొన జానెడు కిందికి పడి చాప అంచును పొడిచింది. కళ్లు తెరిచేసరికి స్కోపులో లక్ష్యం లేదు, గడ్డి ఉంది.

 పేలని తూటా ఆలస్యంగా పేలవచ్చు కనుక డోనల్ అర నిమిషం ఆగమని చేయి చూపి, తరువాత తానే బోల్ట్ వెనక్కి లాగాడు. బయటపడింది డమ్మీ తూటా. మందు లేని ఇత్తడి తొడుగు.

"ఇది నేను అందరికీ పెడతాను. మా నాన్న నాకు పెట్టాడు" అన్నాడు అతను, అదేదో పాయసంలో జీడిపప్పు అన్నంత మామూలుగా. "పేలబోతుందని ఒళ్లు ముందే ఝడుసుకుంటే తుపాకి మొన కిందికి పోతుంది. పేలినప్పుడు ఆ మోతలో కనపడదు. పేలనప్పుడే కనపడుతుంది."

ఐదవది కాల్చాడు. ఎక్కడ తగిలిందో అతనికి చూడకుండానే తెలుసు.

మీనాక్షికి డమ్మీ రెండవదిగా వచ్చింది. టిక్ మన్నది. తుపాకి మొన కదలలేదు. ఆమె లోలోపల ముప్పై అంకెలు లెక్కపెట్టి, బోల్ట్ తెరిచి, డమ్మీని పక్కన పెట్టి, మిగిలినవి కాల్చింది. ఆమె లక్ష్యపు అట్ట మీది నాలుగు రంధ్రాలనూ డోనల్ అరచెయ్యి కప్పేసింది. గురుమూర్తి అట్ట మీది నాలుగింటికి రెండు చేతులూ చాలలేదు. నాలుగూ గురికి కిందే ఉన్నాయి, ఎడమకే ఉన్నాయి.

గురుమూర్తి ఆ అట్టను చాలాసేపు చూశాడు. నోటు పుస్తకంలోని ముప్పై ఒక్క దెబ్బలలో తప్పినవి ఎటు తప్పాయో అతనికి కంఠతా వచ్చు. కిందికి, ఎడమకు. గాలి అన్ని శనివారాలూ ఒకే దిక్కు నుంచి వీయదు. కర్మాగారంలో, కొలవక ముందే ముల్లు కదిలే సాధనానికి అతను ఎర్ర చీటీ కట్టి పక్కన పడేస్తాడు. ఒకసారి ఆ సాధనం మేనేజరు గారి ముద్దుల సాధనం అయినా కట్టాడు.

డోనల్ ఫలితాల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కింద ఏడవ నిబంధన అచ్చయి ఉంది, గురుమూర్తి సొంత వాక్యం: పరీక్ష సవ్యంగా జరిగినదని కార్యదర్శి సంతకం చేయనిదే ఫలితం చెల్లదు.

లోకేశ్ అతని చెవి దగ్గరకు వంగాడు. "అంకుల్, సైన్ చెయ్యకండి. డమ్మీ సంగతి రూల్స్‌లో ఎక్కడా లేదు. ఆబ్జెక్ట్ చెయ్యండి, రీటెస్ట్ పెడతారు. నేను సపోర్ట్."

ఆ మాట నిజమే. నిబంధనలలో డమ్మీ లేదు. గురుమూర్తికి కుర్రాడు చెప్పక ముందే తెలుసు. టిక్ మన్న మరుక్షణంలోనే ఏడు నిబంధనలూ మనసులో తిరగేశాడు. ఆక్షేపిస్తే మళ్లీ పరీక్ష ఉంటుంది. ఈసారి డమ్మీ ఉండదు. గాలి ఉంటుంది. ఉత్తరమూ రావచ్చు. కానీ ఆ ఆలోచన లోకేశ్ నోట, వేలిముద్రలు పడిన కళ్లజోడు వెనక నుంచి విన్నప్పుడు, అది ఎంత చవకదో అతనికి తేటతెల్లమైంది. రీసెర్చ్ స్టేజ్ అన్న మాట కూడా మళ్లీ చెవిలో పడింది. ఈ కుర్రాడికీ తనకూ మధ్య ఉన్న తేడా ముప్పై ఆరు పేలుళ్లు. కాదు, ముప్పై అయిదు.

"నీ మద్దతు నాకు అక్కర్లేదు. ముందు ఒక తుపాకి పట్టుకుని చూడు నాయనా" అన్నాడు.

"అంత కోపమెందుకు అంకుల్..."

"అంకుల్ అనకు."

మీనాక్షి చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరకు వచ్చింది. ముఖంలో గెలుపు కంటే ఆకలే ఎక్కువ కనిపించింది. "సార్, గిప్పుడన్నా నా కారణం రాస్తరా?"

గురుమూర్తి మినిట్స్ పుస్తకం తెరిచి, 'తెలుపలేదు' అన్న మాటను స్కేలు పెట్టి కొట్టివేశాడు. దాని మీద చిన్న అక్షరాలతో రాశాడు: భుజం నొప్పి పెట్టదు. ఆ వాక్యం నాలుగేళ్ల పట్టికల పక్కన ఎంత నీచంగా కనిపించాలో అంత నీచంగానే కనిపించింది. తప్పుగా మాత్రం కనిపించలేదు. అదే అతనికి మరింత అసహ్యం కలిగించింది.

తరువాత ఫలితాల కాగితం దగ్గరకు లాక్కుని, డమ్మీ తూటా వాడిన సంగతి ఒక పంక్తిలో చేర్చి, తేదీ వేసి, పూర్తి పేరుతో సంతకం చేశాడు. టూహీ తల ఊపి, ఉత్తరం ఆమె పేరు మీద ఆదివారం రాసిస్తానన్నాడు.

మీనాక్షి కాగితాన్ని అందుకుని, అంచులు కలవకుండా నాలుగు మడతలు పెట్టబోయింది.

"ఇటివ్వండి" అని గురుమూర్తి దానిని వెనక్కి తీసుకున్నాడు. బల్ల మీద పరిచి, మూలకు మూల చేర్చి, గోటితో గీటుతూ సరిగ్గా మూడు మడతలు పెట్టి ఇచ్చాడు. ఆమె నవ్వి, దానిని రెయిన్‌కోటు లోపలి జేబులో పెట్టి జిప్పు లాగేసింది.