కొండెక్కిన కుంపటి

చెర్రీలు పూసేదాకా కొతాత్సులోంచి బయటికి రానని గెంజో అన్నది నిజానికి ఉక్రోషంలో అన్న మాట. డిసెంబరు చివర్లో, పాత ఏడాదిని సాగనంపే విందులో, అందరికీ సాకే బాగా తలకెక్కాక యోహేయి నోరు జారాడు.

"మన గెంజోగాడికి కాళ్లెందుకురా ఇంక? చలికాలమంతా బొంత కిందేగా దాచుకునేది. నారింజపండు కావాలన్నా పెళ్లాం అందించాలి!"

పొట్టికాళ్ల బల్ల కింద కాళ్లు చాపి, బల్ల మీంచి జారే దూదిబొంతను నడుం దాకా లాక్కుని, అడుగున కుంపటి వెచ్చదనంలో, అంటే కొతాత్సులో, కూర్చున్నాక లేవబుద్ధి కానిది ఒక్క గెంజోకే కాదు, ఆ మంచు ఊళ్లో అందరికీ అంతే. అయినా ఆ మాట అన్నవాడు బడిలో పక్కన కూర్చున్న యోహేయి కావడంతో గెంజోకు ఒళ్లు మండింది.

"అవున్రా, కొతాత్సులోనే ఉంటా! చెర్రీలు పూసేదాకా బయటికి రాను. ఏం చేస్తావ్?"

తెల్లారేసరికి మత్తు దిగింది గానీ మాట దిగలేదు. భార్య హత్సుయే విని ఒకే ఒక్క సవరణ చేసింది. "స్నానానికీ, దొడ్డికీ లేవాలి. కాదంటే మీ కొతాత్సు తీసుకెళ్లి మంచులో పెట్టుకోండి."

ఆ సవరణకు లోబడి గెంజో జనవరి అంతా గడిపాడు. మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం నడుం పట్టేసింది. ఆ తర్వాత కిటికీలోంచి కొండ కేసి చూడకుండా ఉండటానికి కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎందుకంటే ఫిబ్రవరి మొదటి ఆదివారం దగ్గర పడుతోంది. ఆ రోజున నలుగురు స్నేహితులూ కాళ్లు దిగబడకుండా మంచుచెప్పులు కట్టుకుని కుందేళ్ల గుట్ట ఎక్కి, పైన భోంచేసి రావడం బడి వదిలినప్పటి నుంచీ తప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురూ గుమ్మంలోకి వచ్చారు. యోహేయి ముందు, వెనక తమాకి, ఆమె వెనక రోకుసుకే. తమాకి ఊళ్లో క్షవరాల దుకాణం నడుపుతుంది. మగాళ్లందరి తలలూ ఆమె కత్తెర కింద వంగినవే కాబట్టి ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. రోకుసుకేకు సొంత మాట అంటూ లేదు. ఆఖర్న ఎవరు మాట్లాడితే వాళ్లదే రైటు.

"పద," అంది తమాకి.

"మాటిచ్చాను. రాను."

"బయటికి రమ్మని ఎవరన్నారు? అందులోనే ఉండు."

వాకిట్లో కట్టెలు లాగే మంచుబండి ఆగి ఉంది. గెంజో తేరుకునేలోపు ముగ్గురూ బల్లనీ, బొంతనీ, బొగ్గుల కుంపటినీ, బొంతలో కాళ్లు పెట్టుకున్న మనిషినీ చాప పళంగా ఎత్తి బండి మీద పెట్టారు. హత్సుయే కుంపట్లో కొత్త బొగ్గులు వేసి, బల్ల మీద నారింజల బుట్ట పెట్టి, మొగుడి చెవులు కప్పేలా టోపీ లాగింది.

"నువ్వు కూడా వీళ్లతో కలిశావా?" అన్నాడు గెంజో.

"గది ఊడ్చి నెల దాటిందండీ. నాకు ఎవరితో కలిసినా ఒకటే. సాయంత్రం దాకా తీసుకురాకండి అన్నయ్యా!" అని యోహేయితో చెప్పి తలుపేసుకుంది.

బీచి చెట్ల అడవిలో మంచు చొక్కా గుండీల దాకా ఉంది. ముగ్గురూ తాళ్లు భుజానికేసుకుని, మంచుచెప్పులతో ధప్ ధప్ మని అడుగులేస్తూ లాగుతున్నారు. గెంజో మొదట సిగ్గుతో బిగుసుకున్నాడు. కాసేపటికి అలవాటైపోయి దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎడమ పక్కకి లాగండ్రా, అక్కడ వాగుంది. యోహేయీ, నీ అడుగు సరిగ్గా పడట్లేదు."

"దిగి నువ్వెయ్యరా సరిగ్గా!"

"మాట మాటే."

మలుపులో సెందాయ్ పట్నం నుంచి వచ్చిన షికారు జనం ఎదురయ్యారు. కొత్త మంచుచెప్పులతో, కొత్త టోపీలతో ఏడుగురు, వాళ్లను నడిపిస్తున్న ఒక అమ్మాయి. బొంతలో కూర్చున్న పెద్దమనిషి ఊరేగింపుగా రావడం చూసి వాళ్లు గబగబా దారి పక్కకు తప్పుకుని, టోపీలు తీసి, నడుం వంచి దణ్ణం పెట్టారు.

"ఏ దేవుడండీ?" అని ఒకావిడ రోకుసుకేను మెల్లగా అడిగింది.

"దేవుడు కాదండీ..."

"దేవుడిలాగే ఉన్నారే!"

"అవునండీ, దేవుడే," అన్నాడు రోకుసుకే.

గెంజో సిగ్గుతో చచ్చిపోయి కళ్లు మూసుకున్నాడు. దాంతో మరీ దేవుడిలా కనిపించాడు. ఆవిడ తన సంచిలోంచి ఒక బీన్సు మిఠాయి తీసి నారింజల పక్కన పెట్టి, "మా అబ్బాయి ఈసారైనా పరీక్ష గట్టెక్కేలా చూడు స్వామీ," అంది.

"చదవమనమ్మా," అన్నాడు గెంజో కళ్లు తెరవకుండానే.

"ఆహా! ఎంత సూటిగా సెలవిచ్చారో!" అని ఆవిడ పక్కవాళ్లకేసి తిరిగింది. బండి కదలగానే ఆ గుంపంతా తామెటు పోవాలో మరిచిపోయి వెనకే రావడం మొదలుపెట్టింది.

గుట్ట కింద ఏటవాలు దగ్గర యోహేయి ఊపిరి తీసుకుందామని తాడు వదిలి ఆగాడు. రోకుసుకే కూడా ఆగాడు. తమాకి ఒక్కత్తే ఆగలేదు. ఆమె లాగిన లాగుకు తాడు ఫట్‌మని తెగింది. బండి వెనక్కి తిరిగి, ఒక క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, కిందికి దూసుకుపోయింది.

గెంజో బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. చెట్లు పైకి పరుగెత్తుతున్నట్టు అనిపించింది. సెందాయ్ వాళ్ల పక్కనుంచి పోతుంటే వాళ్లు మళ్లీ నడుం వంచడం, తను కూడా మర్యాదకు తల వంచడం అతనికి స్పష్టంగా తెలిసింది. బండి ఒక మంచుదిబ్బను గుద్దుకుని ఆగిపోయింది. గెంజో ఆగలేదు. గాల్లో ఒక పిల్లిమొగ్గ వేసి మెత్తటి మంచులో నడుం దాకా దిగబడ్డాడు. కాసేపటికి బొంత కూడా ఎగురుకుంటూ వచ్చి తలమీద పడింది.

యోహేయి పరుగున వచ్చి, బతికే ఉన్నాడని చూసుకుని, చెయ్యెత్తి అరిచాడు. "బయటికొచ్చావ్! బయటికొచ్చేశావ్!"

"నేనెక్కడొచ్చాన్రా? అదే నన్నొదిలేసి పోయింది."

"కాళ్లు బయటున్నాయా లేవా?"

"మంచులో ఉన్నాయి. కనబడుతున్నాయా నీకు?"

ఇద్దరూ తమాకి కేసి చూశారు. ఆమె చేతులు కట్టుకుని, గడ్డం గీసే ముందు చూసినట్టు గెంజోను అటూ ఇటూ చూసి తీర్పు చెప్పింది. "బొంత ఒంటి మీదుంది. కాబట్టి కొతాత్సులో ఉన్నట్టే. బొంత కప్పుకునే నడవాలి. తెగిన తాడుతో నిన్ను లాగడం నావల్ల కాదు."

బల్ల కింద హత్సుయే దాచిపెట్టిన అతని మంచుచెప్పులు బయటపడ్డాయి. గెంజో గొణుక్కుంటూనే కట్టుకున్నాడు. మొదటి పది అడుగులు ముసలి బాతులా వేశాడు. ఆ తర్వాత మోకాళ్లకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. ఎవరూ తొక్కని మంచు మీద, బొంత తోకలా ఈడ్చుకుంటూ, అందరికంటే ముందు దారి తొక్కుకుంటూ వెళ్లాడు. ముక్కుకు చల్లగాలి తగిలితే లోపల నెల రోజుల బూజు దులిపినట్టయింది. నవ్వొచ్చింది గానీ యోహేయి చూస్తాడని మింగేశాడు.

మిగతావాళ్లు తేలికైన బండిని లాక్కొచ్చాక గుట్ట మీద బల్ల వేసి, కుంపటి రాజేసి, బొంత కప్పి నలుగురూ కాళ్లు దూర్చారు. సెందాయ్ వాళ్లు చుట్టూ నిలబడి వణుకుతూ చూశారు. "రండి, రండి," అనక తప్పలేదు. ఒక్కొక్కరే వచ్చి, దారి చూపించే అమ్మాయితో సహా అందరూ దూరారు. బల్ల కింద ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. "నా బొటనవేలు ఎవరు నొక్కుతున్నారు?" అని ఎవరో అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, భోజనం సంచి బండి కొక్కేనికే ఉంది. బండి నాలుగడుగుల దూరంలో ఉంది. లేచినవాళ్లే తేవాలి, అది ఏ కొతాత్సులోనైనా ధర్మం. కాబట్టి ఎవరూ లేవలేదు.

"నాకు మోకాలు," అన్నాడు యోహేయి.

"వండింది నేను," అంది తమాకి. "రోకుసుకే, లే."

రోకుసుకే సగం లేచాడు.

"కూర్చోరా, బొంతలోకి చలొస్తోంది," అన్నాడు యోహేయి.

రోకుసుకే కూర్చున్నాడు. అలా మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాడు. సెందాయ్ వాళ్లు మర్యాదస్తులు, ఒకరికొకరు "మీరు తెస్తారేమో" అన్నట్టు చిరునవ్వులు ఇచ్చుకున్నారు. గెంజో మాత్రం మహారాజులా ఉన్నాడు. లేవకపోవడానికి ఆ గుట్ట మీద సిసలైన కారణం ఉన్నది అతనొక్కడికే. మంచు పడటం మొదలైంది. పన్నెండు తలల మీదా పేరుకుంటోంది. ఎవరూ కదలలేదు.

చివరికి దారి చూపించే అమ్మాయి కూర్చున్నచోటి నుంచే తన ఊతకర్ర చాపి సంచిని కొక్కెం నుంచి తప్పించబోయింది. సంచి తప్పింది, లోపలి గిన్నె మూత ఊడింది, సోయా పులుసులో ఉడికిన కొన్యాకు దుంప ఉండలు రబ్బరు బంతుల్లా ఎగురుతూ వాలు కేసి దొర్లాయి.

"పోతున్నాయ్! పట్టండి!" అని తమాకి కేక.

గెంజోకు తను లేచిన సంగతి తెలియదు. తెలిసేసరికి మేజోళ్లతో తొడల దాకా మంచులో ఉన్నాడు, రెండు చేతుల్లో ఉండలున్నాయి, గడ్డం కింద మరొకటి నొక్కిపెట్టి ఉంది. బొంత ఒంటి మీద లేదు. వెనక్కి తిరిగి, యోహేయి అరుపు కోసం ఎదురుచూశాడు.

"బొంత మూసిపోరా!" అని అరిచాడు యోహేయి. "చలొస్తోంది! అలాగే ఆవముద్ద కూడా పట్టుకురా!"

గెంజో ఉండలు ఏరాడు. ఆవముద్ద తెచ్చాడు. ఎలాగూ లేచాడు కదా అని టీ కాచమన్నారు. పన్నెండు మందికీ కాచి పోశాడు. పరీక్ష కొడుకు తల్లి కప్పు రెండు చేతులా అందుకుని, "స్వామి చేత్తో!" అని కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం దాటాక బొగ్గులు అయిపోయి కుంపటి కొండెక్కింది. అప్పుడు అందరూ ఒక్కసారే లేచారు.

దిగేటప్పుడు గెంజో, యోహేయి పక్కపక్కనే నడిచారు. బండిని వెనకాల సెందాయ్ వాళ్లు లాగుతున్నారు. కొంతదూరం పోయాక గెంజో ఆగలేకపోయాడు.

"ఒరేయ్, నేను లేచాను. ఉండల కోసం. చూశావా లేదా?"

యోహేయి మంచుచెప్పుల కేసి చూస్తూ నాలుగడుగులు వేశాడు. "లేదురా. మంచు కంట్లో పడింది."

"నేను చూశాను," అన్నాడు వెనక నుంచి రోకుసుకే.

"నువ్వూ చూళ్లేదు," అంది తమాకి.

"చూళ్లేదు," అన్నాడు రోకుసుకే.

ఇల్లు చేరేసరికి గదిలో చాపలన్నీ ఎత్తి గోడకు ఆనించి ఉన్నాయి. హత్సుయే బొంత అందుకుని చూసింది. మూల కాలింది, అంచంతా తడిసింది, ఒకచోట ఆవముద్ద అంటింది. దాన్ని దండెం మీద వేసి, ఆరడానికి వారం పడుతుందని చెప్పి, వంటింట్లో కర్రపీట చూపించింది. గెంజో దాని మీద కూర్చుని, పొయ్యి కేసి కాళ్లు చాపి, వరసగా మూడు గిన్నెల అన్నం తిన్నాడు.