సొరంగంలోకి వెళ్ళిన మాట

మెట్రో రైళ్ళ సంస్థకు కొత్తగా అధిపతిగా వచ్చిన పెద్దావిడంటే నెట్‌వర్క్ ఇంజనీరుకు మొదట్లో ఒళ్ళు మంట. రైళ్ళలో, స్టేషన్లలో ఉచిత వైఫై పెట్టే పని ఆ ఇంజనీరమ్మాయిదే. వైఫై కావాలంటే ప్రయాణికులు పేరూ, ఫోన్ నంబరూ ఇవ్వాల్సిందేనని ప్రకటనల విభాగం పట్టుబట్టింది. పెద్దావిడ ససేమిరా అంది.

"దారిన పోయేవాళ్ళ గుట్టు మనకెందుకు? ఏమీ అడక్కుండా తెరుచుకోవాలి. సొరంగంలో కరెంటు పోయినా పనిచెయ్యాలి."

దాంతో దాదాపు అయిపోయిన పని మళ్ళీ మొదటికొచ్చింది. పెట్టెపెట్టెకూ, సొరంగం గోడల మీదా విడిగా బ్యాటరీలు పెట్టించేసరికి ఆ అమ్మాయికి తలప్రాణం తోకకొచ్చింది. ఇంటికెళ్ళి మామగారి దగ్గర ఏకరువు పెడితే ఆయన నవ్వేశాడు.

"ఫోను చూసుకోవడానికి ఇంత హడావుడా అమ్మా? హాయిగా కిటికీలోంచి చూడొచ్చుగా!"

"సొరంగంలో కిటికీలోంచి ఏం కనిపిస్తుంది మామయ్యగారూ?"

"నా మొహం కనిపిస్తుంది. అది చాలదూ?"

ఆయన మోకాళ్ళ వ్యాయామానికి మధ్యాహ్నం పూట అదే లైనులో వెళ్తుంటాడు.

ఒకరోజు ఆయన ఎక్కిన రైలు సొరంగం మధ్యలో ఆగిపోయింది. ఆ సమయానికి ఇంజనీరూ, పెద్దావిడా స్టేషన్ మేడ మీది కంట్రోల్ గదిలోనే ఉన్నారు. గోడంత తెర మీద ఒక గీత ఉన్నట్టుండి ఎర్రబడింది. వైర్‌లెస్‌లో డ్రైవరు అరుస్తున్నాడు.

"పవర్ పోయిందండీ. వెనకవైపు కేబుల్ కాలి పొగ వస్తోంది. పెట్టెల్లో మైకు పనిచెయ్యట్లేదు. జనం తలుపులు బాదేస్తున్నారు, పగలగొట్టేలా ఉన్నారు!"

కంట్రోల్ ఆఫీసరు తెర మీద పక్క లైను చూపించాడు. పక్క పట్టాలకు ఇంకా కరెంటు ఉంది. ఆ లైనులో ఉన్న రైళ్ళు స్టేషన్లకు చేరితేగాని తియ్యడానికి లేదు. ఈలోగా ఎవరైనా కిందికి దూకితే అంతే సంగతులు.

ఇంజనీరు గడియారం చూసుకుంది. సరిగ్గా ఆయన వెళ్ళే వేళ. "మా మామగారు అందులోనే ఉన్నారు" అంది గొణుగుతున్నట్టు.

పెద్దావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏ పెట్టెలో?"

"తెలీదండీ."

"అయితే అన్ని పెట్టెల్లోనూ ఉన్నారనుకో. వైఫై నడుస్తోందా?"

నడుస్తోంది. అందరి కనెక్షనూ ఒక్కసారి తెంపి మళ్ళీ కలిపితే, వైఫై కలవగానే వచ్చే మొదటి పేజీ చాలా ఫోన్లలో దానంతటదే తెరుచుకుంటుంది. ఇంజనీరు ఆ మాట చెప్పగానే పెద్దావిడ కుర్చీ లాక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. కంట్రోల్ ఆఫీసరు వెనక నుంచి చదివి కంగారుపడ్డాడు.

"పొగ అని రాస్తే తొక్కిసలాట అవుతుందండీ. చిన్న సాంకేతిక లోపం అందాం."

"వాసన వాళ్ళకు తెలుస్తూనే ఉంది కదయ్యా. మొదటి మాటే అబద్ధమైతే రెండో మాట ఎవరు వింటారు?"

ఆమె రాసింది ఇది: "ఈ రైళ్ళకు బాధ్యురాలిని నేనే. మీ వెనక కేబుల్ కాలి పొగ వస్తోంది. పక్క పట్టాల్లో కరెంటు ఉంది, ఇప్పుడు దిగితే ప్రాణం పోతుంది. అది తీసెయ్యగానే ముందువైపు నుంచి దింపుతాం. నేను నడిచి మీ దగ్గరికే వస్తున్నాను. ఫోను లేనివాళ్ళకు ఇది చదివి వినిపించండి. నడవలేనివాళ్ళుంటే కింద రాయండి."

లేచి కంట్రోల్ ఆఫీసరుతో, "గది నీది. ఇక్కడి పని నాకన్నా నీకే బాగా తెలుసు" అని, అగ్నిమాపక సిబ్బంది వెంట మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంజనీరు పేజీ పంపింది. కాసేపటికి డ్రైవరు గొంతు వినిపించింది.

"ఏం చేశారండీ? బాదడం ఆగిపోయింది. ఎవరో గట్టిగా చదువుతున్నారు. అందరూ వింటున్నారు!"

ఆ తర్వాత, ఫిర్యాదుల కోసమని పేజీ అడుగున పెట్టిన చిన్న గడిలో మాటలు రావడం మొదలైంది. "రెండో పెట్టెలో నిండు గర్భిణి ఉంది." ఆ కిందే, "నేను నర్సుని. దారివ్వండి, వస్తున్నా." "ఆఖరి పెట్టెలో పొగ ఎక్కువైంది." "ముందుకు రండి, మేం జరుగుతున్నాం." "కళ్ళు కనపడని ఆయన ఒంటరిగా ఉన్నారు." "నా చెయ్యి పట్టుకున్నారు, భయం లేదు."

ఇంజనీరు వైర్లు ఎరుగును, బ్యాటరీలు ఎరుగును. వాటిలోంచి ఇలాంటిది ప్రవహిస్తుందని కలలో కూడా అనుకోలేదు. ముక్కూ మొహం తెలియని జనం చీకట్లో, పొగలో, ఒకరికొకరు చోటిచ్చుకుంటున్నారు.

ఇంతలో ఒకటి వచ్చింది. "నా మోకాళ్ళు మంచివి కావు. నా వల్ల అందరికీ ఆలస్యం, నన్ను చివర దింపండి. మా కోడలు అక్కడే పనిచేస్తుంది. కంగారు పడొద్దని చెప్పండి."

దాని వెంటే ఇంకెవరో రాశారు. "ఈ పెద్దాయన్ని మేమిద్దరం ఎత్తుకొస్తామంటుంటే పోట్లాటకు దిగుతున్నాడు."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి ఆమెకు. కళ్ళు తుడుచుకుని, నడవలేనివాళ్ళు ఏ పెట్టెలో ఉన్నారో సొరంగంలోని సిబ్బందికి చెబుతూ కూర్చుంది. "కరెంటు తీసేశాం!" అని కంట్రోల్ ఆఫీసరు అరిచాడు. మరుక్షణం డ్రైవరు, "ఆవిడ వచ్చేశారండీ, తలుపు తీస్తున్నా" అన్నాడు.

జనమంతా స్టేషన్లోంచి బయటపడ్డారని తెలియగానే ఆమె వీధిలోకి పరుగెత్తింది. ఎర్రటి ఎండ. మామగారు ఒక అపరిచితుడి వీపు మీంచి దిగుతూ కనిపించాడు. ఆమె వెళ్ళి పట్టుకుంది.

"పదండి మామయ్యగారూ, ఇంటికి వెళ్దాం."

"ఉండమ్మా. ఆవిడింకా రాలేదు. ఎవరైనా మిగిలిపోయారేమోనని పెట్టెలన్నీ చూడ్డానికి మళ్ళీ లోపలికెళ్ళింది."

అప్పుడు గమనించింది ఇంజనీరు. ఎవ్వరూ వెళ్ళలేదు. రైలెడు జనం ఫుట్‌పాత్ మీద, రోడ్డు మీద, మసి మొహాలతో స్టేషన్ గుమ్మంకేసి చూస్తూ నిలబడ్డారు. పిల్లలు కూడా గొడవ చెయ్యడం లేదు.

చాలాసేపటికి పెద్దావిడ మెట్లెక్కి పైకొచ్చింది. చీర మోకాళ్ళదాకా నల్లబడింది, దగ్గుతోంది. ఎదురుగా జనాన్ని చూసి తెల్లబోయింది.

"ఇంకా ఇళ్ళకు వెళ్ళలేదేంటి మీరంతా?"

మామగారు కోడలి చెయ్యి వదిలి, ఆ మోకాళ్ళతోనే నిటారుగా నిలబడ్డాడు.