దిగితేనే బండి

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయి ఉంటే మన్నించండి. మా ఆయన పోయాక, కోడలు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించిన అక్షరాలివి. ఒక పేజీ నింపేసరికి నాకు పొద్దుగూకుతుంది. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మా కోడలు ప్రెస్సులో పనిచేస్తుంది. అచ్చయిన కాగితం మీద రంగు సరిగ్గా పడిందో లేదో చూసి చెప్పడం ఆమె పని. రెండు బస్సులు మారి వెళ్తుంది. సొంత జీతంతో కారు కొనుక్కుంటానంది. ఆమె మనసు పడ్డది చిన్న కారు మీద. పొట్టిగా, నేలను కరుచుకుని, పరుగుపందేనికి కాచుకున్నట్టుంటుంది. మావాడికి మాత్రం ఎత్తుగా, గదిలా ఉండే బండి కావాలి. ఆ మాట నేరుగా అనడు. "అమ్మ ఆ మోకాళ్లతో అందులో కూర్చుని పైకి లేవగలదా?" అంటాడు. నా మోకాళ్ల గురించి మా ఇంట్లో అంత చర్చ అంతకుముందెప్పుడూ జరగలేదు.

చివరికి కోడలే తేల్చింది.

"అత్తయ్యా, నాతో షోరూంకి రండి. నడిపి చూద్దాం. ఎవరి సాయం లేకుండా మీరు ఎక్కి దిగితే అదే కొంటా. లేకపోతే ఆయన చెప్పిందే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టే సరదా నాకొద్దు."

ఆమె ముచ్చటంతా తెచ్చి నా మోకాళ్ల మీద పెట్టింది. ఎవరూ చూడకుండా వంటింట్లో పొట్టి స్టూలు మీద కూర్చుని లేవడం సాధన చేశాను. స్టూలు మీంచి బాగానే లేచాను.

షోరూం ముందు ఆ కారు ఎండలో నిలబడి ఉంది. నిగనిగలాడే పసుపు. కోడలు దాని వీపు నిమిరి, "చూశారా అత్తయ్యా, ఇందులో ఎరుపు చుక్కంతైనా కలవలేదు" అంది, సొంత బిడ్డను చూపించినట్టు.

నేను ఎక్కలేదు, పడ్డాను. సీటుకి రెండు పక్కలా గట్టులా లేచి ఉంది. నడుముని పట్టేసింది. షోరూం అతను వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, "ఎలా ఉందమ్మగారూ?" అన్నాడు.

బావిలో ఉన్నట్టుంది. "హాయిగా ఉంది బాబూ" అన్నాను.

బండి కదిలింది. పెద్ద రోడ్డెక్కగానే కోడలు జోరు పెంచింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. లేని బ్రేకు కోసం నా కుడికాలు నేలని తొక్కుతోంది.

"భయమేస్తోందా?"

"నాకేం భయం? నువ్వు రోడ్డు చూడు."

మలుపు తిరిగేటప్పుడు ఆమె నవ్వింది. పళ్లన్నీ కనబడేలా, పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. ఆ నవ్వు చూస్తూ నా మోకాళ్లు రెండూ చేత్తో రుద్దుకున్నాను. తిరిగి వెళ్లాక నేను దిగాలి కదా!

వెళ్లాం. తలుపు తీశారు. ఒక కాలు బయట పెట్టాను. సీటుని చేత్తో నొక్కి లేచాను. సగం లేచేసరికి మోకాలు కలుక్కుమంది, మళ్లీ కూలబడ్డాను. ఇంకోసారి. ఇంకోసారి. షోరూం అతను చెయ్యి చాచాడు.

"వద్దు బాబూ, ఆగు."

"పోన్లెండి అత్తయ్యా," అంది కోడలు. తాళం షోరూం అతని చేతికిచ్చేసింది. "ఆ పెద్దబండి చూద్దాం."

"మీ ఆయనకి ఫోను కలుపు."

"ఎందుకు?"

"కలపమన్నానా!"

కలిపింది. "ఒరేయ్, నేను కార్లో ఇరుక్కున్నాను. దిగలేకపోతున్నాను" అన్నాను.

"నేను ముందే చెప్పలేదా అమ్మా!"

"చెప్పావులే. నీకు గదిలాంటి బండి కావాలంటే నీ నోటితో అడుగు. నా మోకాళ్ల చేత అడిగించకు. వాళ్లిప్పుడు లాగినా నేను రాను. దాని బండి దాని ఇష్టమని నువ్వు అనేదాకా ఇక్కడే కూర్చుంటా."

"అక్కడ జనం ఉన్నారా?"

"బోలెడు మంది. చూస్తున్నారు."

"సరే, తన ఇష్టం. నువ్వు ముందు దిగు తల్లీ!"

కోడలు మాత్రం కదల్లేదు. "మరి మీరెలా తిరుగుతారు?"

"బస్సులో. పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది, నాకదే సులువు. రోజూ నడిపేది నువ్వు. నన్ను పెట్టి కొలుస్తావేంటి?"

ఆమె నా వైపు చూసింది, బండి వైపు చూసింది. తర్వాత షోరూం అతని వైపు తిరిగి, "సరిగ్గా ఇదే రంగు ఇస్తారు కదా?" అంది.

ఆపైన ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని నన్ను పైకి లాగారు.

ఇప్పుడు ఆ బండి చప్పుడు సందు మొదట్లో వినబడేదాకా నా మనసు మనసులో ఉండదు. ఎంత జోరుగా నడుపుతుందో కళ్లారా చూశాను మరి. ఆ సంగతి ఆమెతో అనలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇట్లు,
అందరూ బుజ్జత్త అని పిలిచే మనిషి. వయసు అరవై ఆరు. కొడుకూ కోడలితో, కూరగాయల కొట్టు పక్క వాటాలో ఉంటున్నాను.