ఎఱపోతు నాయకుని వెన్నుగాయము

శ్రావణమాసారంభమున మూఁడు దినములెడతెగక కురిసిన వాన వెలిసి నీలమేఘశకలములు పడమటి కనుమలకుఁ దొలఁగిపోవుచుండఁగా జలధారాక్షాళితశిలాప్రాకారమైన నల్లగవి దుర్గము ప్రాతఃకాలాతపమునఁ గ్రొత్తగాఁ గట్టినదానివలె మెఱయుచుండెను. కోట మెఱసినను గోటలోనివారి మనస్సులు మెఱయలేదు. ఏలయనఁగా నా యుదయమున నెవ్వరు నెఱుఁగని వృద్ధుఁడొకఁడు మూఁతి గట్టిన మంటికుండను మోసికొనివచ్చి ఓబళాంబ యింటి యరుగుపైఁ గూర్చుండెను.

ఆమె మగఁడగు ఎఱపోతు నాయకుఁడు పదునెనిమిదేండ్ల క్రిందటఁ గనుమయుద్ధమునకుఁ బోయి మరలి రాలేదు. శవమైనను దొరకలేదు. పాఱిపోయెనని కొందఱును శత్రువులఁ గలిసెనని కొందఱును నోటికి వచ్చినట్లు చెప్పుకొనిరి. ఎదురుగాయముతోఁ బడినవానికే యా దుర్గమున వీరశిల నిలుపుదురు. మగనికి శిలయును లేక తనకుఁ బేరంటపుఁ బిలుపును లేక సువాసినియుఁ గాక విధవయుఁ గాక యా యిల్లాలిన్నేండ్లు తలవంచుకొని బ్రదికెను.

"తల్లీ, ఇవి నీ పెనిమిటి యెముకలు. వానకుఁ గనుమగట్టు కోసికొనిపోఁగా బయటఁబడినవి" అని వృద్ధుఁడు పలికెను.

ఓబళాంబ కుండను ముట్టలేదు. "మట్టిలోనివాఁడు నా మగఁడని నీకెవరు చెప్పిరి? పూడ్చినవాఁడు గాక యింకెవ్వఁడెఱుఁగును?" అని యడిగెను. వృద్ధుఁడు నేలచూపులు చూచెను. ఆ చూపులు చూచి వీథిలోనివారికందఱకును సందేహము ముదిరెను.

దుర్గాధిపతి యీ సంగతి విని యందఱను సభకుఁ బిలిపించి విఱిగిన యెముకలు గట్టు పుల్లన్నను రప్పించెను. పుల్లన్న యెముకలను జాపపైఁ బఱచి యెడమభుజముకడ వంకరగా నతికిన యెముక నొకదానిఁ జేతఁబట్టి చాలసేపు నిమిరెను. "ఇది నేను గట్టినదే. గుఱ్ఱముపైనుండి పడినపుడు గట్టితిని. సరిగాఁ గట్టలేకపోయితినని నేఁటికిని సిగ్గుపడుచున్నాను. ఇతఁడు మన నాయకుఁడే" యనెను. పిదప వెన్నెముకలోఁ జిక్కి తుప్పుపట్టిన బల్లెపుమొన నొకదానిఁ జూపెను.

"వెన్నుగాయమునకు శిల లేదు" అని యధిపతి తీర్పు చెప్పెను. ఓబళాంబ వృద్ధునివంకఁ దిరిగి "వెనుకనుండి పొడిచినవాఁడవు నీవే కదా" యనెను.

"నేను బొడువలేదు తల్లీ. నేను బాఱితిని. అతఁడు నా వెంటఁబడి భుజము పట్టుకొని మరలుమని నన్ను బ్రతిమాలుచుండఁగా వెనుకనుండి బల్లెము వచ్చెను. నా మొగము చూచుచునే పడెను. పూడ్చినవాఁడను నేనే. నా పేరు చౌడప్ప. కోటవాకిటి మూఁడవశిల నాదే."

పరుగునకు బరువని చౌడప్ప పాఱవైచిన డాలు నాఁడు బల్లెపుఁబోటుతో దొరకఁగా నెదురునిలిచి చచ్చెనని నమ్మి యా వెఱ్ఱివారు పదునెనిమిదేండ్లు వానికిఁ గొబ్బరికాయలు గొట్టిరి. ముదుసళ్లు దగ్గఱకుఁ బోయి చూచి వాఁడేయని గుర్తుపట్టిరి. దేవుఁడై పూజలందుకొనువాఁడు పరుని నిందఁ బాపుటకై తన పిఱికితనమును దానే చాటుకొనఁగా నింక ననుమానించుట కేమున్నది? అధిపతి తన తీర్పును మరలించుకొని శిలపైఁ జౌడప్ప పేరు చెఱిపించి యెఱపోతు నాయకుని పేరు నిలిపెను.

ఆ సాయంకాలము ఇన్నేండ్లు మొగము చాటుచేసిన యమ్మలక్కలే యోబళాంబ యింటికి వచ్చిరి. ఆమె నొసట బొట్టు లేదు. ఏడ్చి యేడ్చి గొంతు పోయియుండెను.

"నింద తొలఁగినది గదా వదినా, మగఁడు వీరుఁడయ్యెను. సంతోషింపక యింత దుఃఖమేల?" అని పొరుగింటి యిల్లాలడిగెను.

ఓబళాంబ మెల్లఁగాఁ దలయెత్తి "పాఱిపోయెనని మీరనుచుంటిరి. నేనును లోలోపల నట్లే యనుమానించితిని వదినా. పాఱినవాఁడైన నెక్కడనో యొకచోట బ్రదికియుండును గదా" యనెను.