టమాటాలు తిన్న బస్సు

ఆ శనివారం మా దీవిలోని సింగటోక సంతలో నా బల్ల మీద టమాటాలు ఐదు కుప్పలు పోసి, వాటిని చూసుకుని నేనే మురిసిపోతున్నాను. సముద్రం ఒడ్డు హోటల్లో వంట చేసే సకియాసి పదింటికి వస్తానని కబురు పంపాడు. కాయ నచ్చితే వారం వారం నా దగ్గరే కొంటాడట. పోయినేడు పంటలో సగం కొనేవాళ్ళు లేక మడిలోనే కుళ్ళిపోయింది. ఈసారీ అంతే అయితే ఇక టమాటా నారు పొయ్యనని మా ఆయనతో ఖరాఖండీగా చెప్పేశాను. చెప్పానే గాని, ఆ మొక్కలంటే నాకు ప్రాణం. అప్పటి నుంచీ దిగులుగానే ఉంది.

తొమ్మిదిన్నరకు ఎరోని దిగబడ్డాడు. సొంత బస్సు నడుపుతాడు. వాడి ఊరికీ మా ఊరికీ మూలపురుషుడు ఒక్కడే, అందుకని వాడూ నేనూ తౌవులం. తౌవు వచ్చి మన వస్తువు పట్టుకుపోతే అడ్డం చెప్పకూడదు. నోటికొచ్చినట్టు తిట్టొచ్చు గాని, నిజంగా కోపం తెచ్చుకుంటే పది ఊళ్ళలో పరువు పోతుంది.

"ఏమే ఉలమిలా, మా పెద్దలకి నువ్వు తెచ్చిన కానుకలు ఇవేనా?" అంటూ నా బుట్టే అందుకున్నాడు.

"ఒరే పీతమొహమా, ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా! మీ తాతలు మా తాతల ఎంగిలి కంచాలు కడిగినవాళ్ళురా!"

"అవి కడిగే కదే ఇంత బలిశాం!"

ఐదు కుప్పలూ బుట్టలో వేసుకుని పోయాడు. సంతంతా పడీపడీ నవ్వింది. పైకి నేనూ నవ్వాను.

వెనకాలే పరిగెత్తాను. అప్పటికే బస్సులో ఉన్న ఇరవై మందికీ పంచేశాడు. ముందు సీట్లో ముసలమ్మ గడ్డం మీదుగా రసం కారుతోంది.

"బాగున్నాయే తల్లీ. కాస్త ఉప్పుంటే ఇంకా బాగుండును" అంది.

ఏడుపొచ్చింది. కానీ తౌవు హక్కు వాడొక్కడికేనా? ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం లాగి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"ఈ బస్సు నాది" అన్నాను.

ఎరోని లబలబలాడాడు. "ఒసేయ్, సముద్రం వైపు పోవాలే! ఇంతమంది జనం..."

"జనం నా టమాటాలు తిన్నారుగా! ఇప్పుడు మా మడికొచ్చి కోసిపెడతారు. పోనియ్ మా ఊరికి."

"న్యాయమే. తిని ఊరుకుంటే ఎట్లా? పోనియ్ నాయనా" అంది ముసలమ్మ.

సరిగ్గా అప్పుడే సకియాసి బస్సు దగ్గరికొచ్చాడు. "ఉలమిల మీరేనా? బల్ల ఖాళీగా ఉంది, టమాటాలేవమ్మా?"

బస్సులో వాళ్ళందరూ పొట్టలు నిమిరి చూపించారు.

"ఎక్కండి సార్, మొక్కనే చూపిస్తాను" అన్నాను.

ఏటి పక్కన మా మడిలో బస్సు దిగిన జనం సాళ్ళలో పడ్డారు. "మెల్లిగా తెంపండర్రా, కొమ్మ విరుగుతుంది!" అని ముసలమ్మ గట్టు మీద కూర్చుని అందరినీ కేకలేస్తోంది. సకియాసి ఎండకు వెచ్చబడ్డ కాయొకటి తెంపి కొరికాడు. వెంటనే ఇంకోటి తెంపాడు.

"మాకు ఓడ మీద వచ్చేవి వీటి ముందు గడ్డి" అన్నాడు చివరికి. "ప్రతి శనివారం నాలుగు పెట్టెలు కావాలి. పొద్దున్న ఏడింటికల్లా మా వంటింటి గుమ్మంలో ఉండాలి. మేం మనిషిని పంపలేం. మీకు బండి ఉందా?"

మాకున్నది ఒక ముసలి గుర్రం. హోటల్ చూస్తే అంత దూరం. ఎరోని బస్సుకు ఆనుకుని పళ్ళికిలిస్తున్నాడు.

"గుర్రాన్ని ఇప్పుడే బయల్దేరదియ్యవే. వచ్చే శనివారానికి చేరుతుంది!"

వాణ్ణి చూశాను. వాడి వెనకాల బస్సును చూశాను.

"బండి ఉందండీ" అన్నాను సకియాసితో. "అదిగో, ఆ బస్సు. డ్రైవరుతో సహా నాదే."

ఎరోని మొహం కందగడ్డయింది. సాళ్ళలో ఉన్నవాళ్ళంతా నడుములు ఎత్తి వాడి వంకే చూస్తున్నారు.

"కోపమొచ్చిందా నాయనా?" అంది ముసలమ్మ, ఎంతో తియ్యగా.

"కోపమా? నాకెందుకు?" అని వాడు గట్టిగా నవ్వాడు. ఆ తరవాత మొదటి పెట్టె భుజానికెత్తుకుని, హోటల్ వంటింటికి దారి ముందు వైపా వెనక వైపా అని సకియాసిని అడిగాడు.