అందరి బీరువా

నేను ఒక ఇనప బీరువాను. ఆటోనగర్‌లో పుట్టాను. ఏ కొత్త పెళ్లికూతురి పట్టుచీరలనో దాస్తానని ఆశపడ్డాను. రాత బాగోలేక ఊరి మంచినీళ్ల ప్లాంటుకి వచ్చిపడ్డాను.

మొదట్లో బాగానే ఉండేది. అక్కడి ఇంజనీరు వసుధ గారు మూడు షిఫ్టుల వాళ్లనూ కూర్చోబెట్టి, మోటారు ఆగితే ఏం చేయాలి, క్లోరిన్ లీకైతే ఏం చేయాలి అని అడిగి అన్నీ రాయించారు. అప్పటిదాకా ఎవరికి తెలిసింది వాళ్ల కడుపులోనే ఉండేది. ఆ కాగితాలన్నీ ఫైళ్లుగా కుట్టి నాలో పెట్టి, "దీనికి తాళం వద్దు. ఇది అందరిదీ," అన్నారు. ఆ మాటకి నాకెంత గర్వమో!

ఆమెకు బదిలీ అయింది. తర్వాత పెత్తనం సూపరింటెండెంటు కామేశం గారిది. ఎవరో నాలోని ఒక కాగితంలో బజ్జీలు చుట్టుకున్నారని తెలిసి, నాకు తాళం వేసి చెవిని మొలతాడుకి కట్టుకున్నారు. ఏటా దసరాకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టేవారు. తలుపు మాత్రం తీసేవారు కాదు. గుళ్లో దేవుడికైనా రోజూ తలుపులు తీస్తారు, నాకు ఆపాటి యోగమూ లేదు.

ఒక మధ్యాహ్నం క్లోరిన్ సిలిండరు లీకైంది. డ్యూటీలో ఉన్నది కొత్తగా చేరిన మస్తాన్ ఒక్కడే. దగ్గుతూ నా దగ్గరికే పరుగెత్తుకొచ్చాడు. కామేశం గారు భీమవరంలో పెళ్లి భోజనానికి వెళ్లారు, ఆయనతోపాటు తాళంచెవీ వెళ్లింది. మస్తాన్ నా హ్యాండిల్ వంగిపోయేదాకా లాగాడు. లీకైన సిలిండరు మీద నీళ్లు పోయకూడదు, పోస్తే లీకు పెద్దదవుతుందని నా పై అరలోనే రాసి ఉంది. ఏం లాభం? వాడు వెళ్లి నీళ్లు పోశాడు.

ప్రాణం దక్కింది, ఊపిరితిత్తులు పాడైపోయాయి.

విచారణకు వచ్చిన అధికారి, లీకైతే ఏం చేయాలో రాసిపెట్టారా అని అడిగాడు. కామేశం గారు తాళం తీసి నన్ను తెరిచారు. ఒక్క కాగితమూ నలగలేదు.

"ఉన్నాయండి. ఎంత భద్రంగా ఉంచామో తమరే చూడండి."

సూచనలు ఉన్నా పాటించలేదని తప్పు మస్తాన్ మీద రాశారు. అతని భార్య షాహిదా గుమ్మంలో నిలబడి, "తాళం ఏసుంటే ఎట్టా చదువుతాడు సార్?" అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. వంగిన నా హ్యాండిల్ వైపు చూశారు. ప్రభుత్వ ఆస్తికి నష్టం చేశాడని ఇంకో నేరం కలిపారు. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత వెల్డరును పిలిపించి ఆ హ్యాండిల్ పీకించి కొత్తది బిగించారు. మస్తాన్ నా దగ్గరికి వచ్చాడని చెప్పడానికి నా ఒంటి మీద ఉన్నది అదొక్కటే.

ఈ దసరాకి కొత్త హ్యాండిల్‌కి కూడా బొట్టు పెట్టారు.