ఎర్రగుడ్డ కట్టిన చొప్పకట్ట

ఫులిన్ ఈ చలికాలం దాటడని డాక్టరు చెప్పేశాడు. ఊపిరితిత్తులు రెండూ పోయాయి. అది విని ఫులిన్ పెద్దగా బాధపడలేదు. ఒక్కసారి ఐసు బొమ్మలు చూపించరా అని దెహైని అడిగాడంతే. నిజమే మరి, హార్బిన్ లో సొంగ్‌హ్వా నది మీద ఇద్దరూ పాతికేళ్ళు ఐసు కోశారు. కోసి లారీ ఎక్కించడమే గానీ, ఆ దిమ్మలు చలికాలపు తిరణాల్లో కోటలూ బొమ్మలూ అయ్యాక టిక్కెట్టు కొనుక్కుని చూసిన పాపాన పోలేదు.

దెహై సరేనన్నాడు. అతనికీ ఒక పనుంది. ఫులిన్ తమ్ముడు నదిలో పడి చనిపోయిన సంగతి. దాని గురించి చెప్పాల్సిన మాట ఒకటి ముప్పై ఒక్క ఏళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడానికి మనిషుండడు.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళారు. అడుగున ఇనప పట్టీలున్న జారుడు కుర్చీ ఒకటి అద్దెకి తీసుకుని, ఫులిన్ ని దుప్పటి చుట్టి కూర్చోబెట్టి, దెహై వెనకనించి తోస్తున్నాడు. ఫులిన్ మొహం కనపడదు గాబట్టి అలా అయితే చెప్పడం తేలికనుకున్నాడు. ఐసు కోట దాటారు, ఐసు చేప దాటారు, తర్వాతి బొమ్మ దగ్గర చెబుదామనుకున్నాడు.

ఫులిన్ మాత్రం తెగ మాట్లాడుతున్నాడు. ప్రతి గోడనీ తట్టి చూస్తాడు, ఇది పైరేవు ఐసు, ఇది కిందరేవుది, ఇందులో బుడగలున్నాయి, కోసినవాడెవడో తొందరపడ్డాడు అంటాడు.

"నువ్వు బొమ్మలు చూడ్డానికొచ్చావా, తప్పులు పట్టడానికొచ్చావా?" అన్నాడు దెహై.

"మేస్త్రీగా చేసినోణ్ణి. చచ్చేదాకా పోదురా ఆ బుద్ధి."

మలుపు తిరిగేసరికి ఎదురుగా ఐసు కోసేవాళ్ళ బొమ్మలు. నలుగురు మనుషులు, కొక్కేలు పట్టుకుని దిమ్మ లాగుతున్నారు. పక్కనే ఐసుతోనే చెక్కిన జొన్నచొప్ప కట్ట, దానికి మాత్రం నిజం ఎర్రగుడ్డ కట్టారు.

దెహై చేతులు ఆగిపోయాయి.

నది మీద అదొక కట్టుబాటు. సాయంత్రం ఆఖరున వెళ్ళేవాడు, కోసిన గుంత చుట్టూ చొప్పకట్టలు నిలబెట్టి ఎర్రగుడ్డ కట్టి పోవాలి. తెల్లారేసరికి గుంత మీద పల్చటి పొర కట్టి, దాని మీద మంచు కురిసిందంటే నేలకీ నీటికీ తేడా తెలీదు. ఆ పొద్దున ఫులిన్ తమ్ముడు అందరికన్నా ముందు వచ్చాడు. అక్కడ చొప్ప లేదు. గాలికి కొట్టుకుపోయిందన్నారు అందరూ.

"చొప్ప కూడా మర్చిపోలేదురా వీళ్ళు," అన్నాడు ఫులిన్. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గాలిదేం తప్పు లేదులే. ఆ పొద్దున చలిగా ఉందని గిన్నెడు జొన్నసారా తాగించి పంపింది నేనే. తాగకుండా ఉంటే వాడికి పొర తెలిసేది. వాడికి కాళ్ళతోనే తెలిసేది. మా అమ్మ పోయేదాకా నా చేత్తో నీళ్ళు తాగలేదు. నువ్వొక్కడివే నన్ను ఒక్క మాటా అనలేదు."

ఆ తర్వాత ఫులిన్ సారా ముట్టలేదు. కూతురి పెళ్ళిలో కూడా ముట్టలేదు. చాదస్తమన్నారు జనం. దెహైకి తెలుసు ఎందుకో.

అతను కుర్చీ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనకనించి చెప్పే మాట కాదు అది.

"గాలి కాదు. ఆ సాయంత్రం వంతు నాది. చేతులు కొయ్యబారిపోయాయని, నిలబెట్టిన చొప్పే పీకి మంటేసుకున్నాను. పొద్దున్నే నీకన్నా ముందొచ్చి వేరేది పెడదామనుకున్నాను. నిద్ర పట్టేసింది. ఎర్రగుడ్డ జేబులో పెట్టుకున్నా. ఇంట్లో ఉంది ఇంకా."

ఫులిన్ అతన్ని చూడలేదు. ఆ ఐసు చొప్పనే చూస్తున్నాడు. "ఎన్నింటికి లేచావు?" అన్నాడు.

"ఏడింటికి."

"వాడు ఆరున్నరకి పోయాడు."

దుప్పటి తీసి దెహై చేతిలో పెట్టి, కుర్చీలోంచి లేచాడు. పది అడుగులేసి ఆగుతాడు, రొప్పుతాడు, మళ్ళీ పది అడుగులు. దెహై ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనకే వెళ్ళాడు. ఎక్కరా, గాలాడదు నీకు, అని రెండుసార్లు బతిమాలాడు. మూడోసారి అనడానికి ధైర్యం చాల్లేదు.

గేటు దగ్గర బడ్డీలో వేడి సారా అమ్ముతున్నారు. ఫులిన్ ఒక గ్లాసు కొన్నాడు. సగం ఐసు మీద పోశాడు, తమ్ముడికి. మిగతా సగం తాగాడు. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత కదా, దగ్గు ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. దెహై పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

బడ్డీ వాడు దెహైకి కూడా గ్లాసు నింపబోయాడు.

"అతను నాతో రాలేదు," అని చెప్పి ఫులిన్ టాక్సీ ఎక్కేశాడు.